అప్‌డేట్: ఆఫీసు కరోకేలో జపనీస్ పాట పాడేశాను

ఒసాకాలో ఆఫీసు వాళ్లతో కరోకేకి వెళ్లాలి, పాడటం అసలు అలవాటు లేదు, మగ గొంతుకు తేలికైన జపనీస్ పాట చెప్పండి అని అడిగాను కదా. నిన్న రాత్రి పాడేశాను!

ముందు ఇంట్లో స్పిట్జ్ అనే జపనీస్ బ్యాండ్ వాళ్ల ‘చెర్రీ’ (1996) సాధన చేశాను. వినడానికి తేలికే, కానీ ఆ గాయకుడి గొంతు బాగా పైన ఉంటుంది. పల్లవికి వచ్చేసరికి నా గొంతు పట్టేసేది. దాంతో మీలో చాలామంది చెప్పిన క్యూ సకమొతో పాట ‘ఉఎ ఒ ముయితె అరుకో’కే వచ్చాను. 1961 నాటిది, 1963లో అమెరికాలోనూ నంబర్ వన్. నడక వేగంలో సాగుతుంది, ఊపిరి తీసుకోవడానికి చోటు దొరుకుతుంది. మధ్యలో ఈల రాగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా అందుకున్నారు, నా టెన్షన్ అక్కడే పోయింది.

కరోకే రిమోట్‌లో కీ (పాట శ్రుతి) రెండు మెట్లు తగ్గించాను. కొత్తవాళ్లకు పాట కన్నా ముందు తెలియాల్సింది ఆ బటనే. ఇంకోటి, జపనీస్‌లోనూ దీర్ఘాలు, ద్విత్వాలు ఉంటాయి కాబట్టి సాహిత్యం తెలుగు లిపిలో రాసుకున్నాను. పలకడం చాలా సులువైంది.

అందరికీ మనస్ఫూర్తిగా థ్యాంక్స్. ‘చెర్రీ’ని మాత్రం వదలను, కీ తగ్గించి మళ్లీ మొదలుపెట్టాను.