చెడిన ఎక్స్ఎంఎల్ వస్తే పార్సర్ సర్దుకుపోవాలా, ఆగిపోవాలా?

చెట్టుకొమ్మ:
మా టీమ్‌లో ఈ గొడవ తెగట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. బయటి సప్లయర్ల దగ్గర్నుంచి రోజూ రాత్రి ప్రొడక్ట్ కేటలాగ్ ఎక్స్ఎంఎల్ (డేటాని ట్యాగుల మధ్య పెట్టి పంపే ఫార్మాట్) ఫైళ్ళుగా వస్తుంది, పైథాన్‌లో ఎల్ఎక్స్ఎంఎల్ లైబ్రరీ పార్సర్ (ఫైల్‌ని చదివి ముక్కలుగా విడదీసే ప్రోగ్రామ్) తో చదివి డేటాబేస్‌లో పెడతాం. ఒక సప్లయర్ ఫైల్లో అప్పుడప్పుడూ ఎస్కేప్ చేయని (అంటే ఇది మామూలు అక్షరమే అని తెలిసేలా కోడ్‌లో రాయని) & ఒకటి దొర్లుతుంది. ఇక అంతే, "ఎక్స్ఎంఎల్ పార్స్ ఎంటిటీ రెఫ్: నో నేమ్" అని ఎర్రర్ కొట్టి జాబ్ మొత్తం పడిపోతుంది, పొద్దున్నే ఎవరో ఒకరు లేచి ఫైల్‌ని చేత్తో సరిచేసి మళ్ళీ రన్ చేయాలి. మా సీనియర్ ఒకాయన పార్సర్‌కి రికవర్=ట్రూ (తప్పున్నా ఆగకుండా సర్దుకుని చదువు) అని పెట్టి పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పుని కలపమనే అభ్యర్థన) పంపారు. ఒక్క లైన్ మార్పు, టెస్టులన్నీ పాస్. నాకెందుకో మనసొప్పట్లేదు, అలాగని గట్టిగా వాదించడానికి పాయింటూ దొరకట్లేదు. మీరైతే మెర్జ్ చేస్తారా?

రాత్రిడ్యూటీ:
కళ్ళు మూసుకుని చేస్తా. ఒక్క & కోసం వేల ప్రొడక్టులు ఆగిపోవడం ఏంటండీ? బ్రౌజర్లు చూడండి, వెబ్‌లో సగం పేజీల్లో మూయని ట్యాగులే ఉంటాయి, ఏ బ్రౌజరైనా "మీ పేజీ తప్పు, చూపించను" అంటుందా? పంపేటప్పుడు జాగ్రత్తగా పంపు, తీసుకునేటప్పుడు ఉదారంగా తీసుకో అని ఇంటర్నెట్ తొలినాళ్ళ ఇంజనీరు జాన్ పోస్టెల్ 1980లోనే టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటా పంపే పద్ధతి) గురించి రాసిన ఆర్ఎఫ్‌సీ 761 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో చెప్పాడు. ఇంటర్నెట్ ఇంతకాలం నడిచింది ఆ మాట మీదే. స్ట్రిక్ట్ స్ట్రిక్ట్ అని వాదించేవాళ్ళలో చాలామంది ఆన్‌కాల్ (రాత్రిళ్ళు సమస్యొస్తే లేచి చూసే డ్యూటీ) చేసినవాళ్ళు కాదని నా అనుమానం.

కుండలీకరణం:
ఆన్‌కాల్ నేనూ చేస్తా గానీ, ముందు రికవర్=ట్రూ పెడితే అసలేం జరుగుతుందో ఎవరైనా రన్ చేసి చూశారా? ఇదిగో:

<పేరు>నట్లు & బోల్టులు</పేరు>

దీన్ని రికవర్ మోడ్‌లో చదివితే "నట్లు  బోల్టులు" అని వస్తుంది, మధ్యలో & మాయం, రెండు స్పేసులు మిగుల్తాయి. పోనీ ఇది బతికిపోయాం అనుకుందాం. ఇప్పుడు ఇది చూడండి:

<విభాగం>ఆర్&డి విభాగం</విభాగం>

నా దగ్గరున్న వెర్షన్‌లో దీనికి వచ్చేది "ఆర్ విభాగం". & ఒక్కటే కాదు, దాని వెనకున్న "డి" కూడా పోయింది. ఎందుకంటే & కనిపించగానే పార్సర్ అది ఎంటిటీ (ఇంకో అక్షరానికో మాటకో బదులు రాసే, సెమీకోలన్‌తో ముగిసే గుర్తు) పేరు అనుకుని అక్షరాలు చదువుకుంటూ పోతుంది, చివర్లో సెమీకోలన్ లేకపోయేసరికి ఎర్రర్ నోట్ చేసుకుని, అప్పటిదాకా చదివినదాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. అంటే మీ సీనియర్ గారి ఒక్క లైన్ మార్పుతో ప్రొడక్టుల పేర్లు తప్పుగా డేటాబేస్‌లోకి వెళ్తాయి, ఎక్కడా ఎర్రర్ ఉండదు, టెస్టులూ పాసవుతాయి, ఎందుకంటే ఆ టెస్టులు "క్రాష్ కాలేదా" అని మాత్రమే చూస్తున్నాయి. చెట్టుకొమ్మ గారూ, మీరడిగిన పాయింటు ఇదే.

రాత్రిడ్యూటీ:
ఒక పేరులో అక్షరం పోతే కొంపలేం మునగవు. కేటలాగ్ మొత్తం పాతదే ఉండిపోవడం కంటే అదే నయం.

కుండలీకరణం:
పేరులో పోతే సరే. పార్ట్ నంబర్‌లో పోతే? ఇంకో కేసు చెప్తా వినండి. ఫైల్ డౌన్‌లోడ్ సగంలో తెగిపోయిందనుకోండి. స్ట్రిక్ట్ పార్సర్ అయితే మూయని ట్యాగులున్నాయని గోల చేస్తుంది. రికవర్ మోడ్ అయితే తెరిచున్న ట్యాగులన్నీ తనే మూసేసి, వచ్చినంతవరకు చక్కగా చెట్టు (ట్యాగుల్లో ట్యాగులుగా డేటా నిర్మాణం) కట్టి చేతికిస్తుంది. మీ కోడ్ "ఈరోజు ఫైల్లో లేని ప్రొడక్టులన్నీ ఆపేసినట్టు" అని లెక్కేసే రకమైతే, సగం కేటలాగ్ ఒక్క రాత్రిలో ఇన్‌యాక్టివ్. చెట్టుకొమ్మ గారూ, మీ దగ్గర ఆ లాజిక్ ఉందా?

చెట్టుకొమ్మ:
ఉంది... ఫైల్లో కనిపించని ప్రొడక్టుల్ని స్టాక్ లేనట్టు మార్క్ చేస్తాం. టెన్షన్ పెట్టేశారు.

చుక్కనక్షత్రం:
ఇంత దూరం ఎందుకు, పార్సర్‌కి ఇచ్చే ముందు ఒక రెజెక్స్ (అక్షరాల వరసని వెతికే సూత్రం) రాసి, వెనక ఎంటిటీ పేరో నంబరో సెమీకోలన్‌తో సహా లేని & కనిపిస్తే దాన్ని ఎస్కేప్ చేసేయండి. రెండు లైన్లు. పార్సర్ స్ట్రిక్ట్‌గానే ఉంటుంది, ఫైలూ పాసవుతుంది, అందరూ హ్యాపీ.

పాతసర్వర్:
సీడేటా సెక్షన్ సంగతేంటి తమ్ముడూ? దాని లోపల & ఉంటే అది మామూలు అక్షరం, ఎస్కేప్ అక్కర్లేదు. నీ రెజెక్స్‌కి సీడేటా ఎక్కడ మొదలైందో తెలీదు కాబట్టి అక్కడా మార్చేస్తుంది, అప్పుడు కస్టమర్‌కి స్క్రీన్ మీద & బదులు &, ఆ వెనక ఎ, ఎమ్, పి, సెమీకోలన్ అన్నీ అక్షరాలుగా కనిపిస్తాయి. ప్రొడక్ట్ వివరణలు సాధారణంగా సీడేటాలోనే పెడతారు కూడా. కామెంట్ల లోపల మారినా పర్లేదు, ఎవరూ చూడరు. కానీ సీడేటాని గుర్తుపట్టేలా రెజెక్స్ రాయడం మొదలెడితే, మెల్లగా నువ్వొక పార్సరే రాస్తున్నట్టు, అదీ టెస్టుల్లేని పార్సర్.

చుక్కనక్షత్రం:
సప్లయర్ సీడేటా వాడడు అని తెలిస్తే? అన్ని చోట్లా జనరల్ సొల్యూషన్ అక్కర్లేదు కదా అన్నా. ఆ సప్లయర్ ఒక్కడికే ఆ ఫిల్టర్ పెట్టొచ్చు. రెజెక్స్ అనగానే అందరూ మీద పడిపోవడం ఒక ఫ్యాషన్ అయిపోయింది.

పాతసర్వర్:
ఒక్క సప్లయర్‌కి, ఒక్క తప్పుకి, పేరు పెట్టి విడిగా రాస్తే నాకు అభ్యంతరం లేదు. నిజానికి రికవర్ కంటే అదే మేలు, ఏం మార్చామో మనకు తెలుసు. కాకపోతే ఎన్ని చోట్ల మార్చిందో లాగ్ చేయి.

రాత్రిడ్యూటీ గారి బ్రౌజర్ పోలిక మాత్రం నాకు మింగుడుపడలేదు, ఆ చరిత్ర కొంచెం చెప్పాలి. 1998లో ఎక్స్ఎంఎల్ 1.0 వచ్చినప్పుడు కావాలనే కఠినంగా రాశారు, వెల్‌ఫార్మ్‌డ్ కాని (అంటే రాత నియమాలు తప్పిన) చోటు తగిలితే అది ఫేటల్ ఎర్రర్, ఆ తర్వాత పార్సర్ మామూలుగా డేటా ఇస్తూ పోకూడదు. 2000లో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0తో ఇదే పద్ధతిని వెబ్ పేజీలకూ తెద్దామనుకున్నారు. ఒక్క ట్యాగ్ తప్పితే పేజీ బదులు ఎర్రర్ సందేశం! ఎవరు ఒప్పుకుంటారు? ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అయితే 9వ వెర్షన్ వచ్చేదాకా, ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అని టైపు చెప్పి పంపిన పేజీల్ని అసలు చూపించనే లేదు, దాంతో జనం దాన్ని మామూలు హెచ్‌టీఎంఎల్‌గానే పంపించుకున్నారు. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పనిని 2009లో ఆపేస్తున్నట్టు వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రకటించింది. ఇంతవరకు మీ వాదనే గెలిచింది, ఒప్పుకుంటా.

కానీ ఆ తర్వాత హెచ్‌టీఎంఎల్5 చేసిన పని వేరు. తప్పు వస్తే ఎలా సరిదిద్దాలో అడుగడుగునా రాసిపెట్టింది. టేబుల్ లోపల సెల్ బయట అక్షరాలు పడితే వాటిని టేబుల్‌కి ముందుకి జరపాలి, పి లోపల డివ్ వస్తే ముందు పి మూసేయాలి, ఇలా ప్రతిదీ. అందుకే ఇవాళ చెడిన పేజీకి కూడా క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఒకే చెట్టు వస్తుంది. దాన్ని ఉదారత అనకండి, అది రూలు. ఎక్స్ఎంఎల్‌కి అలాంటి రూల్ బుక్ లేదు. రికవర్ మోడ్ అంటే ఎల్ఎక్స్ఎంఎల్ వెనకున్న లైబ్రరీ లిబ్‌ఎక్స్ఎంఎల్2 రాసినవాళ్ళకి తోచిన సర్దుబాటు, రేపు వెర్షన్ మారితే ఆ సర్దుబాటూ మారొచ్చు. పోస్టెల్ మాట పట్టుకుని కూర్చుంటే ప్రోటోకాల్ మెల్లగా ఎలా కుళ్ళిపోతుందో 2023లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9413 చదవండి, అందులో ఉన్నది పూర్తిగా ఈ గొడవే.

కొత్తగాచేరా:
డౌట్. హెచ్‌టీఎంఎల్‌కి రూల్ ఉందంటున్నారు కదా, మరి వెబ్ పేజీలు చదివే పైథాన్ లైబ్రరీ బ్యూటిఫుల్ సూప్‌లో నా ల్యాప్‌టాప్ మీద ఒక రిజల్ట్, సర్వర్ మీద ఇంకో రిజల్ట్ ఎందుకొస్తోంది? కోడ్ ఒకటే.

పాతసర్వర్:
పార్సర్ పేరు ఇవ్వకుండా వదిలేశావు కదూ? బ్యూటిఫుల్ సూప్ తనంతట తాను పార్స్ చేయదు, వెనక ఇంకొకరితో చేయిస్తుంది. పేరు ఇవ్వకపోతే ఎల్ఎక్స్ఎంఎల్ ఇన్‌స్టాల్ అయి ఉందా చూస్తుంది, లేకపోతే హెచ్‌టీఎంఎల్5లిబ్, అదీ లేకపోతే పైథాన్‌తో వచ్చే హెచ్‌టీఎంఎల్.పార్సర్. నీ రెండు మెషీన్లలో రెండు రకాలు ఉండుంటాయి. వార్నింగ్ కూడా ఇస్తుంది, నువ్వు చూసుండవు. ఈ ముగ్గురిలో హెచ్‌టీఎంఎల్5 రూల్ బుక్ పాటించేది హెచ్‌టీఎంఎల్5లిబ్ ఒక్కటే, అది మిగతావాటికంటే బాగా నెమ్మది. బ్యూటిఫుల్ సూప్ డాక్యుమెంటేషన్‌లోనే ఉదాహరణ ఉంది: ఒక ఎ ట్యాగ్ తెరిచి, దాని వెనక ఉత్త పి ముగింపు ట్యాగ్ పెడితే, హెచ్‌టీఎంఎల్5లిబ్ అక్కడ ఖాళీ పి ఒకటి సృష్టిస్తుంది, మిగతా ఇద్దరూ ఆ ముగింపుని పట్టించుకోరు.

ఇంకోటి, బ్రౌజర్ డెవ్‌టూల్స్‌లో ఎక్స్‌పాత్ (పేజీలో ఒక భాగానికి దారి చెప్పే రాత) కాపీ చేసి ఎల్ఎక్స్ఎంఎల్‌లో పెడితే ఖాళీ లిస్ట్ వస్తోందా? టిబాడీ (టేబుల్ వరసల్ని చుట్టే ట్యాగ్) కోసం చూడు. పేజీ సోర్స్‌లో టిబాడీ లేకపోయినా బ్రౌజర్ చేరుస్తుంది, ఎల్ఎక్స్ఎంఎల్ చేర్చదు. దీని మీద జనం పోగొట్టుకున్న సాయంత్రాలకి లెక్కలేదు.

కొత్తగాచేరా:
అదే!! టిబాడీ తీసేశా, వచ్చేసింది. థాంక్యూ అన్నా.

రాత్రిడ్యూటీ:
సరే, రూల్ బుక్ పాయింట్ ఒప్పుకుంటున్నా. కానీ స్ట్రిక్ట్ అంటే సేఫ్ అన్నట్టు మాట్లాడుతున్నారు, అక్కడ నాకు పేచీ ఉంది. పెద్ద ఫైల్ అయితే మెమరీ కోసం ఐటర్‌పార్స్ వాడతారు కదా? అది రికార్డు రికార్డుగా ఇస్తూ పోతుంది. ఎర్రర్ ఫైల్ చివర్లో ఉందనుకోండి, అప్పటికే సింహభాగం డేటాబేస్‌లోకి వెళ్ళిపోయింది. స్ట్రిక్ట్ పార్సర్ ఆగిపోయి ఏం లాభం, సగం కొత్తది సగం పాతది మిగిలింది. కుండలీకరణం గారు చెప్పిన సగం ఫైల్ కష్టమే ఇక్కడా వచ్చింది, పైగా స్ట్రిక్ట్ మోడ్‌లో.

ఇంకా ఉంది. పూర్తిగా వెల్‌ఫార్మ్‌డ్ ఫైలే సర్వర్‌ని పడగొట్టగలదు. ఒక ఎంటిటీ, దాన్ని పదిసార్లు పిలిచే ఇంకో ఎంటిటీ, దాన్ని మళ్ళీ పదిసార్లు, అలా పేర్చుకుంటూ పోతే, కేబీ కూడా లేని ఫైల్ వంద కోట్ల ముక్కలుగా ఉబ్బుతుంది. బిలియన్ లాఫ్స్ అంటారు. దాన్ని వెల్‌ఫార్మ్‌డ్ రూల్ పట్టుకుంటుందా? బయట నుంచి వచ్చే ఫైళ్ళకి ఎంటిటీలు విప్పడం ఆపేశారా, "హ్యూజ్_ట్రీ" ఆన్‌లో ఉందా లేదా, ముందు అవి చూసుకోవాలి. & గురించి ఇంత చర్చ తర్వాత చేసుకోవచ్చు.

కుండలీకరణం:
ఐటర్‌పార్స్ పాయింట్ గట్టిది, ఒప్పుకోవాల్సిందే. దానికి మందు పార్సర్‌లో లేదు, ఫైల్ మొత్తాన్ని అంతా అయితేనే నిలిచే ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టాలి, లేదా ముందు తాత్కాలికంగా ఒక స్టేజింగ్ టేబుల్‌లోకి దింపి చివరిదాకా సజావుగా చదివాకే అసలు టేబుల్‌కి మార్చాలి. "హ్యూజ్_ట్రీ" ట్రూ అని పెట్టిన కోడ్ ఎన్నిచోట్ల చూశానో. ఎర్రర్ వచ్చిందని ఎవరో నెట్‌లో వెతికి అతికించేసి ఉంటారు, లిబ్‌ఎక్స్ఎంఎల్2 పెట్టుకున్న రక్షణ పరిమితుల్ని అది సడలించేస్తుందని తెలీదు.

అయినా రికవర్ విషయంలో నా మాట మారదు. ఒక్క పద్ధతిలో అయితే నేనూ వాడతా: పార్సర్ ఆబ్జెక్టుకి ఎర్రర్_లాగ్ అని ఉంటుంది, రికవర్ మోడ్‌లో మింగేసిన ప్రతి తప్పూ లైన్ నంబర్‌తో అందులో పడుతుంది. ముందు స్ట్రిక్ట్‌గా చదవాలి, ఫెయిలైతే ఆ ఫైల్‌ని పక్కన పెట్టి, రికవర్‌తో మళ్ళీ చదివి, ఆ ఎర్రర్_లాగ్‌ని రిపోర్టుగా తీయాలి. అంతేగానీ ఆ చెట్టులోంచి వచ్చిన డేటాని మాత్రం డేటాబేస్‌కి పంపకూడదు. రికవర్ నాకు రోగనిర్ధారణకి పనికొస్తుంది, అంతవరకే.

చుక్కనక్షత్రం:
ఒక్క సప్లయర్ తప్పు చేస్తే అతని ఫైలే ఆగాలి, మిగతావాళ్ళవి పోవాలి. చెట్టుకొమ్మ గారి పోస్టులో "జాబ్ మొత్తం పడిపోతుంది" అని ఉంది చూడండి, నా దృష్టిలో అసలు బగ్ అదే. ట్రై-ఎక్సెప్ట్ (ఎర్రర్‌ని పట్టుకునే కోడ్) ఫైల్ స్థాయిలో పెడితే ఈ గొడవలో సగం ఉండేది కాదు.

చెట్టుకొమ్మ:
ఇది నిజం, లూప్ అంతా ఒకే ట్రై బ్లాక్‌లో ఉంది. ఆ పుల్ రిక్వెస్ట్ కింద "ఆర్&డి" ఉదాహరణ పెట్టా, మా సీనియర్ రన్ చేసి చూసి తనే క్లోజ్ చేశారు. ఇప్పుడు ప్లాన్ ఇది: ఫైల్ వారీగా ట్రై బ్లాక్, స్టేజింగ్ టేబుల్, స్ట్రిక్ట్ పార్సింగ్, ఫెయిలైన ఫైల్ క్వారంటైన్ ఫోల్డర్‌కి, ఆ సప్లయర్ కేటలాగ్ నిన్నటిదే ఉంటుంది. ఆ ఒక్క సప్లయర్‌కి & ఫిల్టర్ పెట్టాలా వద్దా అన్నది తేల్లేదు, అతని ఫైళ్ళలో సీడేటా ఉందో లేదో వెతకాలి.

రాత్రిడ్యూటీ:
బాగుంది గానీ, క్వారంటైన్ అలర్ట్ ఎవరికి పోతుంది? మీ ఆన్‌కాల్‌కే అయితే పొద్దున్నే లేవడం తప్పలేదు కదా.

పాతసర్వర్:
సప్లయర్‌కే పోనివ్వండి. ఫైల్ పేరు, ఎర్రర్_లాగ్‌లోని లైన్ నంబర్, ఆ లైను ఉన్నదున్నట్టు, ఈ మూడూ పెట్టి ఆటోమేటిక్ మెయిల్. వాళ్ళ వైపు ఎక్స్ఎంఎల్‌ని స్ట్రింగులు అతికించి తయారుచేస్తూ ఉంటారు, ఆ & ఎందుకొస్తోందంటే దాదాపు ఎప్పుడూ కారణం అదే. లైబ్రరీతో రాయిస్తే ఎస్కేప్ దానంతటదే అవుతుంది. మెయిల్లో ఆ మాట కూడా ఒక లైను చేర్చండి.