పాత కెరిస్ అలుగుకి తుప్పు: కొబ్బరినీళ్లా, జెల్లా?

ప్రశ్న:
తొమ్మిది వంపుల జావా కెరిస్ (బాకు). అలుగంతా ఎర్రతుప్పు. పామోర్ (ఇనుముతో కలిపి సాగగొట్టిన నికెల్ పొరల నమూనా) గీతలు రెండు చోట్ల మాత్రమే కనిపిస్తున్నాయి. పిడి బిగుసుకుపోయింది. కొబ్బరినీళ్లలో నానబెట్టాలా, తుప్పు తీసే జెల్ చాలా? చివర్లో అలుగుని నల్లబరిచే పాషాణం (ఆర్సెనిక్) పట్టించక తప్పదా?

జవాబు 1:
ముందు పిడి సంగతి. బలంగా మెలిపెట్టకండి. లోపలికి దూరే ఇనుప కాడ (దాన్నే పెసి అంటారు) తుప్పుకి సన్నబడి ఉంటే పుటుక్కున విరుగుతుంది. కాడకి సాధారణంగా గుడ్డపీలికో దారమో చుట్టి పిడి బిగిస్తారు. అలుగు మొదట్లో హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా కాచి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపండి. రాకపోతే వదిలేయండి, పిడికి తడి తగలకుండా పని కానివ్వొచ్చు.

జెల్ వద్దు. చాలావాటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది ఇనుము మీద బూడిదరంగు పొర వదిలేస్తుంది. ఆ తర్వాత నలుపు సమంగా పట్టదు.

ఒకవైపు మూత బిగించిన పీవీసీ గొట్టంలో ముదురు కొబ్బరినీళ్లు పోసి అలుగు నిలబెట్టండి. 24 గంటలయ్యాక తీసి కుంకుడు నురగతో, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దితే నల్లటి బురద దిగుతుంది. జావాలో వాడే లెరాక్ కూడా కుంకుడు జాతిదే. తుప్పు మిగిలితే కొత్త నీళ్లలో మరో రోజు. గరుకు కాగితం, వైర్ బ్రష్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

జవాబు 2:
దానికి కొంచెం కలుపుతాను. బురద పోయాక నిమ్మచెక్కతో రుద్దాలి, వెండిలా తెల్లబడేదాకా. దీన్నే ముతిహ్ అంటారు. నిమ్మరసంలో నానబెట్టి మర్చిపోవద్దు. ఆమ్లం ఇనుమునే ముందు తింటుంది, నికెల్ పొరలు గట్లలా పైకి లేస్తాయి. కడిగిన వెంటనే తుడిచి, వేడిగాలి పట్టండి. ఆలస్యమైతే నిమిషాల్లోనే పసుపు మరకలు తేలతాయి.

అడిగినవారు:
అలుగు మొదట్లో, పిడికి ఆనుకుని అడ్డంగా ఉండే గంజ అనే ముక్క కొద్దిగా ఊగుతోంది. నానబెట్టొచ్చా?

జవాబు 2:
గంజ విడి ముక్కేనండీ, ఊగితే కంగారు పడనక్కర్లేదు. కాకపోతే ఆ సందులోకి పులుపు దిగితే లోపల్నుంచి తింటుంది. గొట్టంలో కొన కిందికి పెట్టి, గంజ మునగకుండా పోయండి. దాని చుట్టూ తడి బ్రష్‌తోనే చేసుకోండి.

జవాబు 3:
వారంగాన్ అంటే పాషాణమూ నిమ్మరసమూ కలిపినది. ఉక్కు నల్లబడుతుంది, నికెల్ తెల్లగా మిగులుతుంది, పామోర్ విడిగా తేలేది అందుకే. ఇంట్లో చేయొద్దు. ఆమ్లం ఇనుముతో కలిసినచోట ఆర్సీన్ అనే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది. కడిగిన నీళ్లు కాలవలో పోయడానికీ లేదు. చేయి తిరిగినవారికి అప్పగించండి. ఫెర్రిక్ క్లోరైడ్ బదులు కాదు, బూడిదరంగు ఇస్తుందే తప్ప ఆ నలుపు రాదు.

మీ అలుగు మీద పాత పాషాణం ఉండే ఉంటుంది, కాబట్టి మొదటి రుద్దుడు నుంచే గ్లౌజులు తొడగండి. అప్పటిదాకా తెల్లగానే ఉంచి, మినరల్ ఆయిల్‌లో నాలుగు చుక్కల చందనతైలం కలిపి పలచగా రాయండి. వంటనూనెలు జిగురు కడతాయి. ఒరలో పెట్టేముందు పొడిగుడ్డతో ఒత్తండి, లేకపోతే నూనె చెక్కకి ఇంకి మరక పడుతుంది.