నాన్న పేరు మీదున్న లైసెన్స్ తుపాకీ అమ్మకి ఇస్తారా?

నాన్న పోయాక ఆయన డబుల్ బ్యారెల్ తుపాకీని, మిగిలిన తూటాలతో సహా పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తీసుకున్నాం. మాది నంద్యాల జిల్లాలో ఒక పల్లె. అమ్మ ఊరికి దూరంగా, తోటలో ఉన్న ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నా దగ్గరికి వచ్చెయ్యమంటే వినదు. మొన్న రాత్రి ఎవరో బోరు మోటారు కేబుల్ కోసుకుపోయారు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్.

2016 ఆయుధాల నిబంధనల ప్రకారం వారసులు లైసెన్స్‌కి దరఖాస్తు చేసుకోవచ్చని చదివాను. శిక్షణ, మెడికల్ సర్టిఫికెట్లు కావాలట. అరవై దాటిన ఆడమనిషికి కలెక్టరేట్‌లో నిజంగా ఇస్తారా? మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా వచ్చిందా? పోలీసు విచారణలో ఏం అడిగారు, ఎన్నాళ్లు పట్టింది?

లాయర్లు ఎవరైనా ఉంటే ఇంకో సంగతి చెప్పండి. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. చీకటి పడ్డాక తలుపు పగలగొట్టి లోపలికొచ్చేవాడి విషయంలో 41వ సెక్షన్ ప్రాణం తీసేదాకా హక్కు ఇస్తోంది, కానీ అవసరానికి మించి హాని చేయకూడదని 37 అంటోంది. కేబుల్ దొంగ మీద కాలిస్తే మాత్రం అమ్మే జైలుకి పోతుందని నా భయం. గాల్లోకి కాల్చినా కేసు అవుతుందా? అసలు ఆ వయసులో తుపాకీ చేతికివ్వడం మేలా, కెమెరాలు పెట్టించి తోడుగా ఒక మనిషిని ఉంచడం మేలా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.