ఈ చలికాలం మీ ఇంట్లో ఏం చేస్తున్నారు?

మిద్దెమీద_మల్లి
హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌కి మారాక మాకిది మొదటి చలికాలం. పాపకి ఏడేళ్లు. ఊళ్లో అయితే ధనుర్మాసం రాగానే అమ్మమ్మ మాతో రోజూ గొబ్బెమ్మలు పెట్టించి, తర్వాత వాటినే పిడకలు చేసి గోడకి కొట్టేది. భోగి నాటికి దండ సిద్ధం. పాపతో కూడా ఒక దండ చేయించాలని చాలా ఆశగా ఉంది. సిటీలో ఆవుపేడ ఎక్కడ దొరుకుతుంది? గోడ లేకుండా పిడకలు ఎండబెట్టడం ఎలా? పాత నూలు చీరలు ఎనిమిది ఉన్నాయి, బొంత కుడదామనుకుంటున్నా. అరిసెలూ మొదటిసారి ఇంట్లోనే చేయాలని. చలికాలంలో మీరు చేసుకునేవి కూడా చెప్పండి.

కోనసీమ_కోడలు
మల్లి గారూ, అరిసెలకి కొత్త బియ్యమే తీసుకోండి. సంక్రాంతికి అరిసెలు వండేదే కొత్త పంట ఇంటికొచ్చిందని కదా. మా అత్తగారు పాత బియ్యం ముట్టనివ్వరు. పదిహేను రోజులైనా మెత్తగా ఉంటాయి, తుంచితే పొరలు కనిపిస్తాయి.

బెజవాడ_వంటిల్లు
దయచేసి ఆ మాట వినకండి. 2023లో కొత్త బియ్యంతో మూడు కిలోలు చేశాను. సగం నూనెలో వేయగానే విచ్చిపోయాయి, మిగతావి చెక్కల మధ్య ఎంత నొక్కినా నూనె కారుతూనే ఉంది. ఇంటినిండా చుట్టాలు. ఆ రోజు నేను పడ్డ బాధ పగవాళ్లకి కూడా వద్దు. మా అమ్మ ఎప్పుడూ ఏడాది పాత బియ్యమే వాడేది, ఒక్కటీ చెడిపోలేదు.

ఆదిలాబాద్_చలి
మీకు అరిసెల గొడవ. మాకు పొద్దున తొమ్మిదైనా పొగమంచు వదలట్లేదు. మా ఇంట్లో చలికాలం సంతోషం అంటే కుంపటి. సాయంత్రం బొగ్గులు రాజేసి, పొగ పోయాక పడకగదిలో పెట్టి తలుపేసుకుంటాం. పిల్లలు హాయిగా పడుకుంటారు. మల్లి గారు కూడా ఒక మట్టి కుంపటి కొనుక్కోండి.

కోనసీమ_కోడలు
బెజవాడ గారూ, విచ్చిపోయింది బియ్యం వల్ల కాదు, మీ పాకం లేతగా ఉండి ఉంటుంది. తప్పు పాకంలో పెట్టుకుని బియ్యాన్ని అంటే ఎలాగండీ?

బెజవాడ_వంటిల్లు
నా పాకం మీరు చూశారా? నీళ్లలో వేస్తే ఉండ కట్టింది, చేత్తో పట్టుకుని చూశాను. పెళ్లయిన దగ్గర్నుంచి చేస్తున్నాను, పాకం తెలియని దాన్ని కాదు.

నల్లమల_నర్సు
ఆదిలాబాద్ గారూ, దయచేసి ఈ రాత్రి నుంచే అది ఆపేయండి. పొగ పోయినా బొగ్గు కాలుతున్నంతసేపూ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగుండదు, వాసనుండదు. నిద్రలో ఉన్నవాళ్లకి తెలియనే తెలియదు. మా పెదనాన్న వాళ్లింట్లో ముగ్గురు ఇలాగే స్పృహ తప్పారు. పాలవాడు ఎంత కొట్టినా తలుపు తీయకపోతే పక్కింటివాళ్లు విరగ్గొట్టి బయటికి తెచ్చారు. బతికారు కానీ, ఆ తెల్లవారుజాము నేను మర్చిపోలేను. చలి కాచుకోవాలంటే వాకిట్లో కాచుకోండి.

ఆదిలాబాద్_చలి
మా తాతల కాలం నుంచి ఇదే పద్ధతి. ఎవరికీ ఏమీ కాలేదు. అందరినీ భయపెట్టకండి మేడం.

నల్లమల_నర్సు
తాతల ఇంటికి పెంకుల సందులుండేవి, గాలి ఆడేది. ఇప్పటి ఇళ్లు స్లాబు, అల్యూమినియం కిటికీలు. తల నొప్పి, కడుపులో తిప్పడం, మత్తుగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే అందరినీ బయటికి తీసుకురండి. నాకు కోపం తెప్పించడం మీ ఉద్దేశం కాకపోవచ్చు, కానీ పిల్లలు పడుకునే గది అన్నారు చూడండి, అది చదివాక ఊరుకోలేను.

పాలమూరు_రేగిచెట్టు
ఇన్ని చెప్పారు, రేగివడల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. పండిన రేగుపళ్లు, పచ్చిమిర్చి, బెల్లం, ఉప్పు, జీలకర్ర రోట్లో వేసి గింజలతో సహా కచ్చాపచ్చాగా దంచి, అరచేతిలో బిళ్లలు తట్టి ఎండబెట్టాలి. మిక్సీలో వేస్తే గింజ నలిగి రుచి పాడవుతుంది. నాలుగెండలు చాలు. నిన్ననే రెండు పళ్లేలు పెట్టాను. డాబా ఎక్కితే చాలు, ఆ పులుపు వాసనకే నోట్లో నీళ్లూరుతున్నాయి.

జెర్సీ_గుమ్మడి
మీకు నాలుగెండలున్నాయి, అదృష్టవంతులు. మాకు న్యూజెర్సీలో జనవరిలో వచ్చే ఎండకి గుడ్డ కూడా ఆరదు. బూడిద గుమ్మడి వడియాలు రెండేళ్లు బూజు పట్టి పారేశాను. ఈసారి డీహైడ్రేటర్ కొని 135 ఫారెన్‌హీట్‌లో రాత్రంతా పెట్టాను. పొద్దున ఒకటి విరిస్తే టప్‌మంది! మా ఆయన్ని నిద్రలేపి మరీ చూపించాను.

పాకం_పెద్దమ్మ
28 ఏళ్లుగా పండగ సీజన్‌లో ఆర్డర్ల మీద అరిసెలు చేసి ఇస్తున్నాను. ఈ విషయంలో నాకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదని ధైర్యంగా చెప్పగలను. కొత్తవా పాతవా అని కొట్టుకోకండి. నేను రెండింటితోనూ చేశాను. అసలు సంగతి తడి. బియ్యం ఒక పగలు, ఒక రాత్రి నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. వడకట్టి బట్టమీద కాసేపే ఆరనిచ్చి, తడి ఉండగానే పిండి ఆడించాలి. పిండి గుప్పెట్లో నొక్కితే ముద్దగా నిలవాలి. పాకం అయ్యేదాకా ఆ పిండిమీద మూత తీయకూడదు. ఆరిన పిండి పాకంలో కలిస్తే ఏ బియ్యమైనా అరిసె విరిగిపోతుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం.

కోనసీమ_కోడలు
పెద్దమ్మగారూ, ముప్పావు కిలో అయితే మాకు మరీ తీపి. అయినా మెత్తదనం కొత్త బియ్యానిదే అని నేను ఇప్పటికీ అంటాను.

బెజవాడ_వంటిల్లు
తడి సంగతి నిజమే అనిపిస్తోంది. ఆ రోజు మా వీధి మిల్లువాడు తడి బియ్యం ఆడించనన్నాడు. ఇంకో మిల్లు వెతుక్కుని వచ్చేసరికి ఎండకి పిండి పొడిపొడిగా అయిపోయింది. మూడేళ్లు బియ్యాన్ని తిట్టాను.

పాకం_పెద్దమ్మ
బియ్యం తక్కువైతే మిక్సీలో వేసి సన్న జల్లెడ పట్టండమ్మా. మిల్లువాణ్ని బతిమాలే పని లేదు.

ఓరుగల్లు_సకినం
అరిసెలు, అరిసెలు! సకినాలకి ఇంత పెద్ద చర్చ ఎప్పుడైనా పెట్టారా? తడి బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిపి గుడ్డమీద వేళ్లతో వరసలు చుట్టడం ఎంత ఓపిక పనో చుట్టినవాళ్లకే తెలుస్తుంది. వాడకట్టు ఆడవాళ్లంతా చలిలో ఒకచోట కూర్చుని చుడుతుంటే మా అమ్మమ్మ నాలుగు వరసలు తెగకుండా తిప్పేది. నేను ఈ ఏడాది రెండు దాకా వచ్చాను.

దబ్బనం_దారం
మల్లి గారి బొంత సంగతి అందరూ వదిలేశారు. ఎనిమిదీ వేయకండి, సూది దిగదు, ఉతికితే ఎత్తలేరు. ఐదు చాలు. మెత్తబడిన చీరలు పైనా కిందా, చిరుగులున్నవి మధ్యలో. నేలమీద ముడతలు లేకుండా పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, ముందు దూరం దూరంగా పెద్ద కుట్లతో అన్నిటినీ కలిపేయండి. ఆ తర్వాతే వేలెడు దూరంలో వరసలు. నేను మా అమ్మ చీరలతో కుట్టాను. ఒక మూల ఆమె పసుపు చేయి తుడుచుకున్న మరక ఉంది, దాన్ని పైకే ఉంచాను.

ఆదిలాబాద్_చలి
నర్సు గారూ, నిన్న కుంపటి వాకిట్లోకి మార్చాను. పొద్దున పూట మా చిన్నవాడికి తల నొప్పి ఉండేదని మా ఇంటావిడ ఇప్పుడు చెప్పింది. ఈ రోజు లేదు. నిన్న కటువుగా మాట్లాడాను, ఏమనుకోకండి.

నల్లమల_నర్సు
ఏమీ అనుకోలేదు తమ్ముడూ. ఆ నొప్పి మళ్లీ వస్తే మాత్రం బాబుని డాక్టరుకి చూపించండి.

మిద్దెమీద_మల్లి
పేడ సంగతి ఎవరూ చెప్పలేదు కానీ దొరికింది. మాకు పాలు పోసే ఆయనే బకెట్‌లో తెచ్చిచ్చాడు. డాబామీద గోనెసంచి పరిచి, ఊక చల్లి, దానిమీద తట్టాం. అంటుకోలేదు, రెండో రోజు తిరగేశాం. ముందు ముక్కు మూసుకున్న మా పాప తర్వాత ప్రతి పిడకకీ తనే వేలితో చిల్లి పెట్టింది. ఇరవై ఒకటి ఎండాయి. పురికొస కూడా తెచ్చిపెట్టుకుంది. పెద్దమ్మగారూ, కిలో అన్నారే, అది నానబెట్టక ముందు తూకమా, నానాకా?

పాకం_పెద్దమ్మ
నానబెట్టక ముందే తల్లీ.