హాలోవీన్ తోరణానికి గంటల లెక్కన ధర పెట్టాలా, పొరుగామె ఇస్తానన్న నలభై డాలర్లకే ఇవ్వాలా?

నూలుబంతి (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. క్రోషే (కొక్కెం సూదితో అల్లడం) రానివాళ్లు కూడా జవాబు చెప్పవచ్చు. నేను అడుగుతున్నది కుట్ల గురించి కాదు, డబ్బు గురించి.

మా వసారాకు ఒక హాలోవీన్ తోరణం అల్లి కట్టాను. ఆరడుగుల పొడవు, తొమ్మిది బొమ్మలు: నాలుగు గుమ్మడికాయలు, మూడు తెల్ల దయ్యాలు, రెండు గబ్బిలాలు. అన్నీ లోపల దూది కూరినవే, ఒక్కోటీ నిమ్మకాయకు కొంచెం పెద్దది. పక్కింటి అమెరికన్ ఆవిడ ముచ్చటపడి తనకూ ఒకటి కావాలని, నలభై డాలర్లు ఇస్తానని అంది. అది విని ఎదురింటివాళ్లు తమకూ కావాలన్నారు.

ఒక్కో బొమ్మకు ముప్పావు గంటకు తగ్గదు. గబ్బిలానికి రెక్కలు విడిగా అల్లి అతకాలి, నల్ల ఊలు మీద రాత్రిపూట కుట్టు కనపడదు, కాబట్టి ఇంకా ఆలస్యం. తాడు అల్లడం, బొమ్మలను దానికి కుట్టడం కూడా కలిపితే మొత్తం ఎనిమిది గంటల పని. మా రాష్ట్రంలో కనీస వేతనం గంటకు 15 డాలర్ల పైనే. ఆ లెక్కన కూలి ఒక్కటే 120. ఊలు, దూది అదనం. ఆవిడ చెప్పిన నలభైకి ఒప్పుకుంటే గంటకు ఐదు డాలర్లు కూడా మిగలవు. మా ఆయనేమో, పొరుగువాళ్లే కదా, ఊరికే ఇచ్చేయమంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

లెక్కల మాస్టారు

నలభైకి ఇచ్చి సంతోషంగా ఉండండి. కూలి లెక్క వేయాలంటే మిమ్మల్ని ఎవరో ఒకరు కూలికి పిలిచి ఉండాలి. సాయంత్రం సీరియల్ చూస్తూ, చేతులు ఊరికే ఉండలేక అల్లినదానికి గంటల లెక్కేమిటి? ఆ తీరిక సమయం ఎలాగూ పోయేదే. పెద్ద దుకాణాల్లో ఇలాంటి తోరణాలు ఇరవై డాలర్లకు వేలాడుతున్నాయి. యంత్రం చేసే పనిని మీరు చేత్తో చేయడం మీ సరదా. సరదా ఖర్చును పక్కింటివాళ్ల మీద వేయడం న్యాయం కాదు.

గోదావరిపాయ (నరసాపురం, ప్రస్తుతం బెంగళూరు)

మాస్టారూ, మీరు రాసినవాటిలో రెండు మాటలు నాకు మింగుడుపడలేదు.

ఒకటి, యంత్రం. రెండు సూదులతో అల్లే నిట్టింగుకు ఇంగ్లండులో 16వ శతాబ్దం చివరలోనే యంత్రం వచ్చింది. ఒంటి కొక్కెం సూదితో అల్లే క్రోషే అలాంటిది కాదు. అందులోనూ గుండ్రంగా తిప్పుతూ అల్లే బొమ్మలకు, దుకాణాలు నింపేంత సరుకు తీసే యంత్రం ఈనాటికీ లేదు. ప్రయోగశాలల్లో ప్రయత్నాలు నడుస్తున్నాయి, అంతే. మీరు చూసిన ఇరవై డాలర్ల తోరణం నిజంగా క్రోషేదే అయితే, దాన్ని కూడా ఎక్కడో ఒక మనిషి చేత్తోనే అల్లింది. ఓడ ఖర్చు, దుకాణం లాభం, దళారి వాటా పోగా ఆమెకు ఎంత ముట్టి ఉంటుందో మీరే లెక్కల మాస్టారు కదా, వేసి చెప్పండి.

రెండు, తీరిక. ఈ మాట వింటే మా ఊరివాళ్లకు ఒళ్లు మండుతుంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక మా పశ్చిమ గోదావరిలో ఇంటింటి పని అయింది. దళారి దారం ఇస్తాడు, ఆడవాళ్లు అల్లుతారు, ముక్కకు ఇంత అని ఇస్తాడు, సరుకు యూరపుకు పోతుంది. 1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ నరసాపురంలో ఉండి ఈ వ్యవహారమంతా పరిశీలించారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు సూది పట్టిన ఆడవాళ్లను అందరూ గృహిణులనే అన్నారట, పని చేసేవాళ్లని ఎవరూ అనలేదట. వంట అయ్యాక తీరికగా అల్లుకుంటున్నారు కదా అనే మాట మీదే ఆ ముక్క కూలి అంత తక్కువగా నిలబడింది. ఎగుమతిదారులు మేడలు కట్టారు. మా అమ్మమ్మ కళ్లద్దాలు మార్చుకుంది.

లెక్కల మాస్టారు

యంత్రం సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. అయితే మీ అమ్మమ్మగారి కథ ఇక్కడ అతకదు. ఆమెకు ఆ డబ్బు అవసరం, అల్లమన్నవాడు వ్యాపారి. ఇక్కడ అడిగింది పొరుగావిడ, అల్లే ఆమెకు పూట గడవని స్థితి లేదు. దోపిడీ అనే పెద్ద మాటను నాలుగు గుమ్మడికాయల మీద మోపకండి.

చలిదేశం (మిన్నియాపొలిస్)

మీరిద్దరూ పోట్లాడుకోండి, నేను పని తగ్గించే దారి చెబుతాను. ధర పెంచలేనప్పుడు గంటలు తగ్గించాలి.

నూలుబంతి గారు గుమ్మడికాయను మ్యాజిక్ రింగులో (లాగితే బిగుసుకునే దారపు చుట్టులో) ఆరు కుట్లతో మొదలుపెట్టి, వరుసకు ఆరేసి పెంచి, మళ్లీ తగ్గించుకుంటూ వచ్చి ఉంటారు. బంతి అయ్యాక పైనుంచి కిందికి దారం బిగించి గాడులు తీయాలి. అదంతా అక్కర్లేదు. కుట్టు వెనక పోగు మాత్రమే పట్టుకుంటూ ఒక చిన్న పట్టీ అల్లండి. గాడులు వాటంతట అవే వస్తాయి. పట్టీ రెండు అంచులూ కలిపి గొట్టం చేసి, ఒక కొస దారంతో ముడిచి, దూది కూరి, రెండో కొస కూడా ముడిస్తే గుమ్మడికాయ. పెంచడం, తగ్గించడం, వరుస ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టడం, ఏమీ ఉండదు. దయ్యాలను ఉబ్బుగా కాకుండా బల్లపరుపుగా అల్లితే దూది కూడా మిగులుతుంది. తొమ్మిదింటిలో ఐదే బొమ్మలు ఉంచి, మధ్యలో ఊలు కుచ్చులు కట్టండి. ఎనిమిది గంటల పని నాలుగుకు దిగుతుంది.

ఇంకొక మాట, తాడు. ఒట్టి గొలుసు కుట్టు తాడు బరువుకు సాగి, వారం తిరిగేసరికి మధ్యలో కిందికి వేలాడుతుంది. గొలుసు మీద వెనక్కి ఒక వరుస సింగిల్ క్రోషే (మామూలు పొట్టి కుట్టు) వేయండి, అది కూడా ఊలుతో కాదు, నూలు దారంతో.

నూలుబంతి

పట్టీ పద్ధతి బాగుంది, చేసి చూస్తాను. దయ్యాలను మాత్రం బల్లపరుపు చేయలేను. ఆవిడకు నచ్చిందే ఆ బొద్దుతనం.

పాతకాగితం (రాజమహేంద్రవరం)

దసరాకు బొమ్మల కొలువు పెట్టడం మానేసి దయ్యాలకు తోరణాలు కడుతున్నారా అని అడుగుదామని వచ్చాను. గోదావరిపాయ గారి జవాబు చదివాక ఇంకొకటి తోచింది.

క్రోషే లేసు పెరిగిందీ హాలోవీన్ పుట్టిందీ దాదాపు ఒకచోటే, ఐర్లండులో. 1840లలో అక్కడ బంగాళాదుంప పంట కుళ్లి పెద్ద కరువు వచ్చినప్పుడు, పస్తులున్న ఇళ్ల ఆడవాళ్లకు క్రోషే లేసు నేర్పించి ఆ సరుకు అమ్మిపెట్టారు. కరువు సాయం అనే పేరుతోనే ఆ పని పెరిగింది. అదే కరువుకు ఓడలెక్కినవాళ్లతో హాలోవీన్ అమెరికాలో వ్యాపించింది. ఐర్లండులో టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవాళ్లు, అమెరికాకు వచ్చాక గుమ్మడికాయ దొరికింది. కాబట్టి హాలోవీన్‌కు క్రోషే తోరణం కట్టడం ఎబ్బెట్టేమీ కాదు. కాకపోతే రెండింటి వెనకా ఆకలి ఉంది. ఊరికే ఇచ్చేయమనే పెద్దమనుషులు ఇది కూడా తెలుసుకుంటే మంచిది.

కుచ్చులజడ (హైదరాబాద్)

నేను క్రోషే బొమ్మలు అల్లి అమ్మి బతుకుతాను, కాబట్టి ఇది నా గొడవ కూడా. ఇక్కడ గచ్చిబౌలి వైపు పెద్ద అపార్టుమెంట్లలో పిల్లలకు హాలోవీన్ పార్టీలు చేస్తున్నారు, సెప్టెంబరు నుంచే అడగడం మొదలవుతుంది. బేరం ఆడనివాళ్లు ఉండరు. అందరూ చెప్పే మాట ఒక్కటే: "మా పిన్ని అయితే ఊరికే అల్లి ఇస్తుంది."

నూలుబంతి గారూ, మీకు పూట గడవడానికి ఈ డబ్బు అక్కర్లేదు, నిజమే. కానీ మీరు నలభైకి ఇచ్చిన రోజు మీ వీధిలో తోరణం ధర నలభై అయిపోతుంది. మీ పట్టణంలో నాలాంటి మనిషి ఒకరు అద్దె కట్టుకోవడానికి అల్లుతూ ఉంటే, ఆమె 90 అడిగిన ప్రతిసారీ మీ నలభైనే చూపిస్తారు. ఆన్‌లైన్‌లో అమ్మినా అంతే. చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ సైటులో 60 డాలర్లకు పెడితే, సరుకు పెట్టినందుకు 20 సెంట్లు, అమ్మకం మీద ఆరున్నర శాతం, చెల్లింపు రుసుము మూడు శాతం, దాని మీద 25 సెంట్లు. మొత్తం ఆరు డాలర్లు దాటి అక్కడే పోతాయి, పోస్టు ఖర్చు ఆపైన.

ఊరికే ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, అది బహుమతి. సగం ధరకు మాత్రం ఇవ్వకండి. బహుమతి వల్ల నాకు నష్టం లేదు, చౌక అమ్మకం వల్ల ఉంది.

లెక్కల మాస్టారు

ఇది వింతగా ఉంది. ఉచితంగా ఇస్తే నష్టం లేదట, నలభైకి ఇస్తే నష్టమట! ఎవరి పిన్నో ఊరికే అల్లి ఇస్తుందనే మాటే కదా మీ బేరం చెడగొడుతున్నది?

కుచ్చులజడ

ఆ పిన్ని ఒక్క మేనకోడలికి ఇస్తుంది, వీధి మొత్తానికి ఇవ్వదు. మీరు మా ఇంటికి భోజనానికి వస్తే హోటలుకు నష్టం లేదు. నేను మా వాకిట్లో ఇరవై రూపాయలకు భోజనం అని బోర్డు పెడితే ఉంటుంది.

గ్రీన్‌కార్డు క్యూ (డల్లాస్)

ధర సంగతి తరువాత. నూలుబంతి గారూ, మీరు ఏ వీసా మీద ఉన్నారు? హెచ్‌4 (హెచ్‌1బీ ఉద్యోగి భార్యకు లేదా భర్తకు ఇచ్చే వీసా) అయితే, పని అనుమతి కార్డు చేతిలో లేకుండా ఒక్క డాలరుకు అమ్మినా అది అనుమతి లేని పని కిందికే రావచ్చు. సొంతంగా అల్లి అమ్మడానికి వేరే మినహాయింపు లేదు. 2015 నుంచి హెచ్‌4 మీద ఉన్న కొందరు భార్యలకు, భర్తలకు ఆ కార్డు ఇస్తున్నారు, కానీ అవతలివారి ఐ140 (గ్రీన్‌కార్డు కోసం సాధారణంగా యజమాని పెట్టే దరఖాస్తు) ఆమోదం పొంది ఉండడం లాంటి షరతులున్నాయి. నేను లాయరును కాను, మీ లాయరును అడగండి. నలభై డాలర్లకు ఆశపడి రేపు గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో తడబడే పని పెట్టుకోకండి. డబ్బుకు బదులు ఆవిడ మీ పచ్చిక కోసిపెడుతుందని సర్దుకోవాలని చూడకండి, ప్రతిఫలం ఏ రూపంలో ఉన్నా ప్రతిఫలమే.

కార్డు ఉన్నవాళ్లకు ఇంకొకటి. తోరణాన్ని ఇంటి అలంకరణ అని అమ్మండి, పిల్లల బొమ్మ అనవద్దు. పన్నెండేళ్లు, ఆలోపు పిల్లల కోసం చేసిన వస్తువులకు 2008 నాటి చట్టం ప్రకారం పరీక్షలు, ధ్రువపత్రం కావాలి. ఎలాగూ ప్లాస్టిక్ కళ్లు పెట్టకుండా దారంతో కుట్టడమే మేలు. పసిపిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు.

నూలుబంతి

హెచ్‌4నే. కార్డు ఇంకా రాలేదు. మా ఆయన ఊరికే ఇచ్చేయమన్న మాట వెనక ఈ సంగతి ఉందని ఇప్పుడు అడిగితే చెప్పారు, ముందే చెప్పి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

గోదావరిపాయ

చూశారా మాస్టారూ? గంటకు వంద పలికే చదువున్న ఆడవాళ్లు ఎందరో అక్కడ ఇంట్లో కూర్చుని ఉన్నారు. వాళ్ల సమయం తీరిక అనిపించుకోవడానికి కారణం ఒక కార్డు. మా అమ్మమ్మది తీరిక అనడానికి ఒక గడప. అల్లిక విలువ తక్కువై ధర తగ్గడం లేదు, అల్లేవాళ్లకు బయట ఇంకో దారి లేక తగ్గుతున్నది. నరసాపురం క్రోషే లేసుకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, సంతోషం. ముక్క కూలి మాత్రం ఇంకా దళారి నోట్లోనే ఉంది.

లెక్కల మాస్టారు

మీ ఆవేదన అర్థమైంది. అయినా ధర కొనేవాడి జేబులో ఉంటుంది, అల్లేవాళ్ల కష్టంలో కాదు. ఆ పక్కింటావిడ 120 పెట్టదు. ఇది నా అభిప్రాయం కాదు, బజారు.

చలిదేశం

బజారు కూడా పట్టీ గుమ్మడికాయలకు ఒప్పుకుంటుంది మాస్టారూ, నాలుగు గంటల పనికి అరవై పెట్టేవాళ్లు మా ఊరి క్రాఫ్టు సంతలో ఉన్నారు.

నూలుబంతి

తేల్చుకున్నది చెబుతాను. పక్కింటావిడకు ఒక తోరణం బహుమతిగా ఇస్తాను, డబ్బు తీసుకోను. ఎదురింటివాళ్లకు అల్లి ఇవ్వను, నేర్చుకుంటామంటే నేర్పుతాను. ఆ ఇంటావిడ శనివారం వస్తానంది. నాలుగు మిల్లీమీటర్ల సూది, నారింజ రంగు ఊలు తనే కొనుక్కుంటుంది. మొదటి గుమ్మడికాయ అయ్యాక, నలభై డాలర్లు ఎక్కువా తక్కువా అని ఆవిడనే అడుగుతాను.

కుచ్చులజడ గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. నల్ల గబ్బిలంలో కూరిన తెల్ల దూది కుట్ల సందుల్లోంచి కనిపిస్తోంది. ఏం చేయాలి?

కుచ్చులజడ

సూది ఒక సైజు తగ్గించి బిగువుగా అల్లండి. అప్పటికీ కనిపిస్తే పాత నల్ల మేజోడు ముక్కలో దూది చుట్టి లోపల పెట్టండి. బొమ్మను మరీ గట్టిగా కూరకండి, కుట్లు విచ్చుకునేది అందువల్లే.

గోదావరిపాయ

నేర్పడం బాగుంది. కానీ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. రేపు కార్డు వచ్చాక ఎంత అడుగుతారు?

నూలుబంతి

గంటల లెక్కే. పట్టీ పద్ధతి కలిసొస్తే 90, లేకపోతే 120. కొనకపోతే మా వసారాకే కడతాను.

లెక్కల మాస్టారు

అరవై దగ్గర బేరం తెగుతుంది. రాసి పెట్టుకోండి.