ఆరో నెల, ఇరుకైన గుండె వాల్వ్: బెలూన్ ఇప్పుడా, కాన్పయ్యాకా?

ఉదయగిరి అన్న:
మా చెల్లెలికి ఆరో నెల. మెట్లెక్కితే ఆయాసం, కడుపుతో ఉంటే మామూలేలే అన్నారందరూ. ఎకో (గుండె స్కాన్) తీస్తే మైట్రల్ వాల్వ్, అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే తలుపు, 1.1 చదరపు సెంటీమీటర్లకు ఇరుకైపోయిందట. చిన్నప్పుడు కీళ్ళ వాపులతో జ్వరాలొచ్చేవి, అప్పటి దెబ్బేనన్నారు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, నీరు పోయే బిళ్ళలు వాడుతున్నా రాత్రిళ్ళు గోడకానుకుని కూర్చునే నిద్రపోతోంది. గుండె డాక్టరు బెలూన్ వేద్దామంటున్నారు, అంటే రక్తనాళంలోంచి బెలూన్ పంపి, ఎక్స్‌రేలో చూస్తూ వాల్వ్‌ను వెడల్పు చేయడమట. అత్తగారింట్లో కాన్పయ్యాకే అంటున్నారు. ఏం చేయమంటారు?

కావలి వదిన:
కడుపులో బిడ్డను పెట్టుకుని ఎక్స్‌రే కింద పడుకోవడమంటే నాకు మింగుడుపడదు. మా తోడికోడలిదీ ఇరుకు వాల్వే. మాత్రలతోనే నెట్టుకొచ్చి నెల్లూరులో మామూలు కాన్పయింది. తొందరపడొద్దు తమ్ముడూ.

ఒంగోలు స్టాఫ్ నర్సు:
వదినా, మాత్రలతో ఆయాసం తగ్గితే ఆగడమే మేలు, అందులో నేనూ మీ మాటే. ఈ అమ్మాయికి తగ్గలేదు. నెలలు నిండేకొద్దీ ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. ఇరుకు వాల్వ్‌లోంచి దిగే టైం చాలక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కాన్పుతో గండం గట్టెక్కుతుందనుకోవడమే నాకు భయం. బిడ్డ బయటికి రాగానే గర్భసంచి ముడుచుకుని, అందులోని రక్తం ఒక్కసారిగా గుండె మీద పడుతుంది. బంధువులు స్వీట్లు పంచుతుంటే మేం మంచం పక్కన ఆమె ఊపిరి లెక్కపెడుతుంటాం. మాకు అసలు టెన్షన్ ఆ మొదటి రెండు మూడు రోజులే.

ఎక్స్‌రే భయం ఉత్తదని అనను. అందుకే వీలైతే 20 వారాలు దాటాక, వీలైనంత తక్కువసేపు వాడి చేస్తారు. వాల్వ్‌కి సున్నం బాగా పట్టినా, లీకు ఎక్కువున్నా, గుండెలో రక్తం గడ్డ ఉన్నా బెలూన్ కుదరదు. అవి అడగండి. ఆ కీళ్ళ జ్వరం మళ్ళీ రాకుండా పెన్సిలిన్ మొదలుపెట్టారా?

ఉదయగిరి అన్న:
మూడు వారాలకోసారి ఇంజెక్షన్ రాశారు. బిడ్డకు పడదని అత్తగారు వద్దన్నారు.

ఒంగోలు స్టాఫ్ నర్సు:
అలర్జీ లేకపోతే వేయించండి, గర్భిణులకు ఇచ్చే మందే అది. మళ్ళీ ఆ జ్వరమొస్తే వాల్వ్ ఇంకా పాడవుతుంది.

కావలి వదిన:
కూర్చుని నిద్రపోయేంత ఆయాసమైతే నేనూ అడ్డు చెప్పను. కానీ ఆ డాక్టరుకి గర్భిణులకు బెలూన్ వేసిన అనుభవం ఉందా అని అడగండి. లేకపోతే చెన్నైకో తిరుపతికో రాయించుకోండి.

ఒంగోలు స్టాఫ్ నర్సు:
ఆ మాట నిజం. బెలూన్ వేసినా కాన్పు మాత్రం ఊళ్ళో వద్దు. నొప్పులొచ్చాక ఉదయగిరి నుంచి బయల్దేరడం కాదు, నెలలు నిండకముందే గుండె డాక్టరు, మత్తు డాక్టరు ఇద్దరూ ఉండే ఆసుపత్రి దగ్గర ఇల్లు చూసుకోండి.