ఒక్క ఉప్పు ప్యాకెట్ అడిగితే ఏడొచ్చాయి. ఫోన్‌లో సరుకులు తెప్పించుకునేవాళ్ళు ముందు ఎలా సరిచూసుకుంటారు?

పాత ప్రూఫ్‌రీడర్:

అందరికీ నమస్కారం. ముప్పై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి. దీర్ఘం ఎగిరిపోయినా, వత్తు జారిపోయినా పేజీ తిప్పకముందే పట్టేసేవాణ్ణి. అలాంటివాణ్ణి అరచెయ్యంత ఫోన్ దగ్గర ఓడిపోయాను.

మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. నన్ను బరువులు ఎత్తొద్దన్నారు. అందుకని మూడు నెలలుగా సరుకులన్నీ ఫోన్‌లోనే తెప్పిస్తున్నాను. ఫోన్ మా అమ్మాయి వాడి ఇచ్చిన ఐఫోన్. చేయి తిరిగిందనే అనుకున్నాను.

మొన్న ఆరు రకాల సరుకులు కావాల్సొచ్చాయి, ఒక్కోటీ ఒక్కటి చొప్పున. ఉప్పు దగ్గర ప్లస్ గుర్తు నొక్కాను. అంకె మారలేదు. చిన్న చక్రం ఒకటి తిరుగుతోంది. వేలు సరిగ్గా తగల్లేదనుకుని మళ్ళీ నొక్కాను. ఇంకోసారి. కళ్ళజోడు సర్దుకుని ఇంకాస్త గట్టిగా నొక్కాను, గట్టిగా నొక్కితే దానికి వినబడుతుందన్నట్టు. ఈలోగా వంటింట్లోంచి పిలుపొచ్చింది. తిరిగొచ్చి కింద ఉన్న పచ్చ బటన్ నొక్కేశాను. సాయంత్రానికి గుమ్మంలో ఏడు కిలోల ఉప్పు! నా నొక్కుళ్ళన్నీ మూటగట్టుకుని నెట్ రాగానే ఒక్కసారే లెక్కేసిందన్నమాట.

అసలు బాధ అది కాదు. ఆ పచ్చ బటన్ పైనే '12 వస్తువులు' అని ఉంది. చూశాను కూడా. ఆరు రకాలకి పన్నెండు ఎలా అవుతాయన్నది బుర్రకి తట్టలేదు.

రెండోది బట్టల సబ్బుపొడి. బొమ్మలో నిండు ప్యాకెట్. వచ్చింది గుప్పెట్లో దాక్కునేంత. ఎన్ని గ్రాములో బొమ్మ కింద బూడిదరంగులో రాసే ఉందని అమ్మాయి చూపించింది. "ఇక మీదట నాకు చెప్పు నాన్నా, నేను పెడతాను" అంది. ఆ మాటే నాకు గుచ్చుకుంది. మా ఇంటి సరుకులు నేనే తెప్పించుకోవాలి.

ఆ పచ్చ బటన్ నొక్కే ముందు మీరేం చూస్తారు, ఏ వరసలో చూస్తారు? యాప్ పేరు అడక్కండి. ఏ యాప్ అయినా వేలు నాదేగా.

సంచీ పట్టుకెళ్ళేవాడు:

కొట్టుకెళ్ళి, చేత్తో పట్టుకుని, బరువు చూసి తెచ్చుకుంటే ఈ గొడవ ఉండదు మాస్టారూ. ఉప్పు ఏడు ప్యాకెట్లు చేతికిస్తే ఏడో దాకా ఆగుతామా?

రాత్రిషిఫ్ట్:

బాబాయ్‌గారూ, నేను ఆన్‌లైన్ సరుకుల గోదాంలో ఆర్డర్లు ఏరి సర్దే పని చేస్తాను. నాలుగేళ్ళయింది. అవతల ఏం జరుగుతుందో చెప్తాను.

మీ చేతిలో ఫోన్ ఉన్నట్టే మా చేతిలోనూ ఒకటి ఉంటుంది, స్కానర్ ఉన్నది. మీ ఆర్డర్ అందులో వరసగా వస్తుంది: ఏ ర్యాక్, ఏ సరుకు, ఎన్ని. సరుకు తీసి బార్‌కోడ్ చూపిస్తే సరైనదైతే కుయ్యిమంటుంది, కాకపోతే తెర ఎర్రబడుతుంది. మామూలుగా ఆ గీతల కింద 13 అంకెలుంటాయి. చివరి అంకె ముందున్న 12 అంకెల్ని బట్టి లెక్కకట్టి వేసింది. మధ్యలో ఒక్క అంకె తప్పు పడినా లెక్క కుదరదు, మిషన్ ఒప్పుకోదు. మీ భాషలో చెప్పాలంటే దాని ప్రూఫ్‌రీడర్ దాని పక్కనే కూర్చుని ఉంటాడు.

ఎన్ని కావాలన్న మీ అంకెకి మాత్రం ఆ కాపలా లేదు. ఏడంటే ఏడే. ఉప్పు ఉప్పే కాబట్టి ఏడుసార్లూ బుద్ధిగా కుయ్యిమంటుంది. ఇంట్లో ఇద్దరే ఉన్నారో, పెళ్ళి పెట్టుకున్నారో నాకెలా తెలుస్తుంది? మా దగ్గరైతే కస్టమర్ నంబర్ మాకు కనబడదు, అడిగే దారి లేదు.

ఇంకో రెండు మాటలు. యాప్‌లో సరుకు 'ఉంది' అని చూపించేది సిస్టమ్ లెక్క. ర్యాక్‌లో అది చిరిగిపోయి ఉండొచ్చు, వేరే చోట పెట్టేసి ఉండొచ్చు. అప్పుడు 'లేకపోతే దానికి బదులు వేరేది' అన్న చోట మీరు అవునన్నారా, కాదన్నారా అన్నదే నాకు ఆధారం. చాలామంది దాన్ని ముట్టుకోరు. ఏదో ఒకటి వస్తే తిట్టుకుంటారు. ఉల్లిపాయల్లాంటివి ఏ రకమైనా నడుస్తాయి కాబట్టి అవుననండి. మందుసబ్బు, పసిపిల్లల పాలపొడి లాంటివాటికి కాదనండి.

నోట్ రాసే అలవాటుంటే అసలు మాట ముందు రాయండి. మా తెర మీద మొదటి మూడు నాలుగు మాటలే కనబడతాయి. 'దయచేసి వీలైతే కాస్త చూసి' అని మొదలుపెడితే 'పచ్చివి' అన్న మాట తెర అవతలే ఉండిపోతుంది. మర్యాద చివర్లో పెట్టినా మేమేం అనుకోం.

మూడో అంతస్తు:

అంకుల్, ఐఫోనే కాబట్టి మీ ఉప్పు సంగతికి మందుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టచ్, అందులో టచ్ అకామడేషన్స్. అక్కడ 'ఇగ్నోర్ రిపీట్' ఆన్ చేస్తే వెంటవెంటనే పడిన నొక్కుళ్ళని ఒక్కటిగానే తీసుకుంటుంది. ఎంత వ్యవధిలో పడినవి వదిలెయ్యాలో మీరే పెట్టుకోవచ్చు. వణికే చేతులవాళ్ళ కోసం పెట్టిన సదుపాయం అది, తొందరపడే చేతులకీ పనికొస్తుంది. కాకపోతే మీరు తీరిగ్గా, ఆగి ఆగి నొక్కితే అది కాపాడదు. చక్రం తిరుగుతుంటే చెయ్యి తీసెయ్యడమే మార్గం.

అక్షరాలు పెద్దవి చేసుకోమని అందరూ చెప్తారు. మా అమ్మమ్మ ఫోన్‌లో చేసి చూశాను. కొన్ని యాప్‌లలో అక్షరం పెద్దదయ్యేసరికి సరుకు పేరే చోటంతా తినేసి, ఎన్ని గ్రాములో చెప్పే ముక్క మూడు చుక్కలైపోయింది. అంటే అసలు కావాల్సిందే మాయం. దానికన్నా యాక్సెసిబిలిటీలోనే 'జూమ్' ఆన్ చేసుకుని, అనుమానం వచ్చిన చోట మూడు వేళ్ళతో రెండుసార్లు తట్టండి. తెర మొత్తం పెద్దదవుతుంది, ఏదీ తెగిపోదు.

సబ్బుపొడి దగ్గర మోసపోవడం మీ తప్పు కాదు. నేను ప్యాకింగ్ డిజైన్ చేస్తాను కాబట్టి ఇది మా వృత్తిలో తెలిసిన జబ్బే. అట్టపెట్టె కొట్లో అరమీద నిలబడి కనబడటానికి గీసింది. దాన్నే బొటనవేలి గోరంత చేసి ఫోన్‌లో పెడితే చిన్న ప్యాకెట్టూ పెద్ద ప్యాకెట్టూ కవలపిల్లల్లా ఉంటాయి. యూనిలీవర్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కలిసి దీని మీద పనిచేశాయి. ఫోన్‌లో పెట్టే బొమ్మలో నాలుగే తెలియాలి: ఎవరిది, ఏమిటి, ఏ రకం, ఎంత. ఆ 'ఎంత'ని బొమ్మ మూలలో పెద్ద అక్షరాలతో వేస్తారు. బార్‌కోడ్ ప్రమాణాలు చూసే జీఎస్1 సంస్థ కూడా వీటికి మార్గదర్శకాలు ఇచ్చింది. మూలలో అలా అంకె లేని బొమ్మ కనబడితే దాన్ని నమ్మకుండా లోపలికెళ్ళి చూడండి.

సంచీ అంకుల్‌కి ఒక్క మాట. 1984 మేలో ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో జేన్ స్నోబాల్ అనే 72 ఏళ్ళావిడ ఇంట్లో కూర్చుని, ఫోన్ లైనుకి కలిపిన టీవీలో రిమోట్ నొక్కి టెస్కో సూపర్‌మార్కెట్ నుంచి మార్జరీన్ (వెన్నలాంటిది), కార్న్‌ఫ్లేక్స్, గుడ్లు తెప్పించుకున్నారు. పెద్దవాళ్ళ కోసమని అక్కడి కౌన్సిల్ పెట్టిన ఏర్పాటు అది. ఇంట్లోంచి సరుకులు తెప్పించుకోవడం కుర్రాళ్ళ సోమరితనంతో మొదలవ్వలేదు.

సంచీ పట్టుకెళ్ళేవాడు:

ఆవిడకైనా ఏడు రాలేదు కదా.

పాత ప్రూఫ్‌రీడర్:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మళ్ళీ ఆర్డర్ పెట్టాను.

రాత్రిషిఫ్ట్ బాబూ, పదమూడో అంకె సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. గీతలకి కాపలా పెట్టి మనిషిని గాలికొదిలేశారు! సరే, ఆ కాపలా నేనే ఉందామని ప్రెస్సులో పద్ధతే పెట్టాను. పాతరోజుల్లో కాపీ హోల్డర్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన రాతప్రతి పైకి చదువుతుంటే మేం అచ్చుకాగితం మీద చూసుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ ఉద్యోగం మా ఆవిడకిచ్చాను. స్టూలు మీద కాలు చాపుకుని, కాగితం మీద రాసుకున్న జాబితా ఆవిడ చదివింది. నేను ఫోన్‌లో బుట్ట తెరిచి వేలు పెట్టుకుని చూశాను, అదీ కింద నుంచి పైకి. పై నుంచి చదివితే తెలిసినవే కదా అని కన్ను జారిపోతుంది. కింద నుంచైతే ప్రతి వరసా కొత్తగా ఉంటుంది. "ఎంతది? ఎన్ని?" ఈ రెండు ప్రశ్నలే. గుడ్ల దగ్గర దొరికింది. ఆవిడ రాసింది ఆరు గుడ్ల పెట్టెలు రెండు. నేను వేసింది పన్నెండు గుడ్ల పెట్టెలు రెండు. ఎర్ర సిరా పెన్ను కోసం జేబు తడుముకున్నానంటే నమ్మండి.

ఆఖరికి బటన్ మీద ఉన్న అంకెనీ ఆవిడ జాబితానీ పోల్చాను. పదకొండుకి పదకొండు. అప్పుడు నొక్కాను. సబ్బుపొడికి 'బదులు వద్దు' అన్నాను. అది దొరకలేదట, రాలేదు. రెండ్రోజులు చిన్న ప్యాకెట్‌తోనే గడపాలి.

మూడో అంతస్తు అమ్మాయికి ఒక ఫిర్యాదు. నువ్వు చెప్పిన ఇగ్నోర్ రిపీట్ పెట్టాను. ప్లస్ గుర్తు దగ్గర బాగానే ఉంది. కానీ నేను తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ణి. ఆర్డర్ సరిగ్గా వచ్చిందని మా అమ్మాయికి మెసేజ్ పెడితే రెండో 'ఎమ్' పడలేదు, 'అమాయి' అని వెళ్ళింది. చూసుకోకుండా పంపేశాను.

మూడో అంతస్తు:

వ్యవధి కాస్త తగ్గించండి అంకుల్, రెండో 'ఎమ్' వచ్చేస్తుంది. మీ అమ్మాయి ఏమంది?

పాత ప్రూఫ్‌రీడర్:

'అచ్చుతప్పు నాన్నా' అని తిరుగు టపా.